కాలువ పక్క స్తంభం కుంగితే నడిమి స్తంభం మీద కప్పు ఎందుకు పగిలింది: ఒక గోదాము ఫ్రేముకు చేతిలెక్క

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో, ఒక పంటకాలువ గట్టును ఆనుకుని రైసుమిల్లు వారి ధాన్యం గోదాము ఉంది. వెడల్పు 12 మీటర్లు. పొడవునా మూడు వరుసల కాంక్రీటు స్తంభాలు ఉన్నాయి: ఒక వరుస కాలువ వైపు, ఒకటి నడిమిన, ఒకటి రోడ్డు వైపు. ప్రతి 4 మీటర్లకు ఒక అడ్డ ఫ్రేము చొప్పున, రెండు 6 మీటర్ల స్పాన్లతో (స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరాలు) కప్పు స్లాబును మోస్తోంది. వానాకాలంలో నడిమి వరుస స్తంభాలకు రెండు పక్కలా నీరు కారుతోందని యజమాని కబురు పెట్టారు. పైకెక్కి చూస్తే నడిమి వరుసకు అటూ ఇటూ, గోదాము పొడవునా, దాదాపు సమాన దూరంలో రెండు పగుళ్లు కనిపించాయి. రెండింటి వెడల్పూ ఇంచుమించు ఒకటే.

గోదామును ఏళ్లుగా చూసుకుంటున్న మేస్త్రి గారి అభిప్రాయం స్పష్టంగా ఉంది. "నడిమి స్తంభమే దిగిందండి, బరువంతా దాని మీదే కదండీ, దాని పునాది గట్టిచేస్తే సరిపోద్ది" అన్నారు. బరువు గురించి ఆయన చెప్పింది నిజమే. పగుళ్లు ఎడమకూ కుడికీ ఒకేలా ఉన్నాయి కాబట్టి కారణం కూడా నడుమనే ఉండాలనుకోవడం సహజం. కానీ నడిమి స్తంభం కుంగితే దాని మీది బీము పైభాగంలో లాగుడు తగ్గుతుంది, అక్కడి పగుళ్లు మూసుకుంటాయి. ఇక్కడ అవి తెరుచుకున్నాయి. నీటి ట్యూబుతోనూ, తరువాత ఆటో లెవెల్‌తోనూ ప్లింతు గీత, పిట్టగోడ గీత రెండూ కొలిచాము. నడిమి వరుస, రోడ్డు వరుస ఒకే మట్టంలో ఉన్నాయి. కాలువ వరుస మాత్రం వాటికంటే కిందకు ఉంది. గోదాము మధ్యభాగంలో ఈ తేడా దాదాపు 12 మిల్లీమీటర్లు. 6 మీటర్ల స్పాన్‌కు 12 మిల్లీమీటర్లంటే 500కు 1 వాలు. విడివిడి పునాదులున్న కాంక్రీటు ఫ్రేములకు పునాదుల భారత ప్రమాణం ఐఎస్ 1904 ఒప్పుకునేది 666కు 1, అంటే ఇదే స్పాన్‌కు 9 మిల్లీమీటర్లు. కాబట్టి కుంగింది కాలువ వైపే, అదీ హద్దు దాటి కుంగింది. తేలవలసిన విషయం ఒక్కటే: ఒక చివర కుంగితే పగుళ్లు నడుమ, అదీ రెండు పక్కలా సమానంగా ఎందుకు వచ్చాయి?

డిజైను చేసినవారి కంప్యూటరు మోడల్ యజమాని దగ్గర ఉంది. అందులో స్తంభాల పాదాలు తిరగకుండా ఫిక్స్‌డ్‌గా ఉన్నాయి, కుంగుబాటు ఇవ్వలేదు. మామూలు బరువుకు నడిమి జాయింటు దగ్గర అది ఇచ్చిన మూమెంటు (బీమును వంచే ప్రభావం) 92 కిలోన్యూటన్ మీటర్లు. అది సరైన అంకెనే అని కింది లెక్కలో తెలుస్తుంది. మోడల్‌కు 12 మిల్లీమీటర్లు కలిపి మళ్లీ నడిపించవచ్చు, జవాబు వస్తుంది. అయితే ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో యజమానికీ మేస్త్రికీ చెప్పగలగాలి, పునాదుల పనికి డబ్బు ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టి తేల్చాలి. అందుకని కాగితం మీద లెక్కకు కూర్చున్నాము.

మామూలు బరువు

బీము 300 × 500 మిల్లీమీటర్లు. స్తంభం 300 × 400, ఫ్రేము దిశలో 400. స్తంభం ఎత్తు బీము మధ్యగీత వరకు 4 మీటర్లు. స్లాబు 120 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు. పై పూత 0.75, మనుషులు ఎక్కే కప్పుకు బరువుల ప్రమాణం ఐఎస్ 875 చెప్పే లైవ్ లోడు (వచ్చిపోయే బరువు) 1.5. మొత్తం 5.25ను 4 మీటర్ల వెడల్పుతో గుణించి, స్లాబు కింది బీము బరువు 2.85 కలిపితే మీటరుకు 24 కిలోన్యూటన్లు. స్లాబు భారమంతా ఫ్రేము బీములకే వెళ్తుందని తీసుకున్నాము, అది భద్రత వైపు ఉన్న ఊహ.

మెత్తని నల్లమట్టిలో చిన్న విడి పునాదులు స్తంభం పాదం తిరగకుండా గట్టిగా పట్టుకోగలవని నేను నమ్మను. కాబట్టి పాదాలను కీలులా తిరగగల హింజ్‌లుగా తీసుకుని, తరువాత ఫిక్స్‌డ్‌గా కూడా పరీక్షించాము. హింజ్ పాదం ఉన్న స్తంభానికి స్టిఫ్‌నెస్ (తిరగడాన్ని ఎదిరించే బిగువు) 3ఈఐ/ఎత్తు, రెండు చివరలూ జాయింట్లలో ఉన్న బీముకు 4ఈఐ/పొడవు; ఇందులో ఈ (E) కాంక్రీటు బిగువు, ఐ (I) సెక్షన్ ఆకారం ఇచ్చే బిగువు. ఈ కొలతలకు వాటి నిష్పత్తి 1.2కు 2.08. జాయింటుకు వచ్చిన మూమెంటును ఈ నిష్పత్తిలో పంచితే, కాలువ, రోడ్డు జాయింట్లలో బీముకు 0.63, స్తంభానికి 0.37. నడిమి జాయింటులో రెండు బీములకు చెరి 0.39, స్తంభానికి 0.22.

హార్డీ క్రాస్ 1930లో ప్రచురించిన మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతిని చాలామంది ఇంజనీర్లు కాలేజీలో వదిలేసి వచ్చారు. జాయింట్లను బిగించి, ఒక్కొక్కటే వదులుతూ మూమెంటును పంచుకుంటూ పోవడమే అది; ఇలాంటి ఫ్రేముకు రెండు నిమిషాల పని. జాయింట్లన్నీ బిగించి ఉంచితే ప్రతి బీము చివరా మూమెంటు డబ్ల్యూఎల్²/12 (డబ్ల్యూ మీటరుకు బరువు, ఎల్ స్పాన్), అంటే 72. ఫ్రేమూ బరువూ నడిమి గీతకు రెండు వైపులా ఒకేలా ఉన్నందువల్ల నడిమి జాయింటు తిరగదు, కప్పు పక్కకూ జరగదు. కాలువ జాయింటును ఒక్కసారి వదిలితే 72లో 26.3 స్తంభానికి, 45.7 బీముకు పోతాయి. ఆ 45.7లో సగం, 22.8, నడిమి చివరకు చేరుతుంది (క్యారీ ఓవర్). రోడ్డు వైపూ అంతే. లెక్క పూర్తయింది: బయటి జాయింట్ల దగ్గర 26.3, నడిమి జాయింటుకు రెండు పక్కలా 94.8 కిలోన్యూటన్ మీటర్లు, రెండూ బీము పైభాగాన్ని లాగేవే. పాదాలు ఫిక్స్‌డ్ అనుకుంటే నడుమ 92.4 వస్తుంది. కంప్యూటరు చెప్పిన 92 ఇదే.

భారాలు కూడా దీనినుంచే వస్తాయి. నడిమి స్తంభానికి 166.8 కిలోన్యూటన్లు, బయటి స్తంభాలకు 60.6 చొప్పున, మూడూ కలిపితే 288, అది 24 × 12కు సమానం. అంటే కుంగిన కాలువ స్తంభం మోస్తున్నది అతి తక్కువ బరువుల్లో ఒకటి. అదే బరువు మోస్తున్న రోడ్డు స్తంభం కుంగలేదు. కాబట్టి కారణం బరువులో లేదు, కాలువ పక్క మట్టిలో ఉంది.

కుంగుబాటు

ఒక చివర రెండో చివరకంటే దిగిన బీముకు, జాయింట్లు తిరగకుండా బిగించి ఉంచితే, రెండు చివరలా 6 × ఈఐ × కుంగుబాటు ÷ పొడవు² అంత మూమెంటు పుడుతుంది. ఎం20 రకం కాంక్రీటుకు, కాంక్రీటు డిజైను ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం E విలువ 5000√20, దాదాపు 22,360 మెగాపాస్కల్స్. 12 మిల్లీమీటర్లకు ఆ మూమెంటు 140 కిలోన్యూటన్ మీటర్లు. బరువు వల్ల వచ్చిన 72కు ఇది దాదాపు రెట్టింపు. మీటరుకు 24 కిలోన్యూటన్ల బరువు కంటే 12 మిల్లీమీటర్ల దిగుబాటు ఈ బీమును ఎక్కువగా వంచగలదన్న సంగతి, కుంగుబాటును తేలికగా తీసుకునే ప్రతి డిజైనరూ ఒకసారి చేత్తో వేసి చూడవలసినది.

మా ఆఫీసులో చేరిన యువ ఇంజనీరు ఈ 140తో పట్టిక మొదలుపెట్టాడు. కాలువ జాయింటును వదిలితే బీముకు 88.8, స్తంభానికి 51.2 పోతాయి. నడిమి జాయింటును వదిలితే బీములకు 54.3 చొప్పున, స్తంభానికి 31.3 పోతాయి. క్యారీ ఓవర్లు, మళ్లీ పంపకాలు కొన్ని విడతలు నడిపాక, కప్పు పక్కకు కదలదనుకునే మొదటి దశలో నడిమి జాయింటుకు కాలువ పక్క 60, రోడ్డు పక్క 35.6 వచ్చాయి. అంకెలు సరైనవే. కానీ ఈ దశలోనే ఆగిపోతే కాలువ పక్క పగులు రోడ్డు పక్క దానికంటే బాగా పెద్దదిగా ఉండాలి. మేము పైన చూసింది అది కాదు.

స్తంభాల తల మూమెంట్లను కూడితే విషయం బయటపడింది. కాలువ స్తంభానికి 43.4, నడిమి దానికి 24.4, రెండూ ఒకే దిశలో. రోడ్డు దానికి 7.7 ఎదురుదిశలో. మొత్తం 60.1. దీన్ని 4 మీటర్ల ఎత్తుతో భాగిస్తే 15 కిలోన్యూటన్లు. కప్పు కదలకుండా ఉండాలంటే పక్కనుంచి ఎవరో ఇంత బలంతో పట్టుకోవాలి. ఈ గోదాముకు రెండు చివరలా ఇటుక గోడలు లేవు, నిలువెత్తు షట్టర్లే ఉన్నాయి. పట్టుకునేవారు లేరు. అందువల్ల కప్పు పక్కకు జరుగుతుంది, ఆ జరుగుడును (స్వే) లెక్కలో కలపడం, అంటే స్వే కరెక్షన్, తప్పనిసరి. అది కూడా వేస్తే కాలువ పక్క 60 నుంచి 12.2 తగ్గి 47.8, రోడ్డు పక్క 35.6కు 12.2 కలిసి 47.8 అయ్యాయి. రెండు పక్కలా ఒకటే. నడిమి స్తంభం తలలో కుంగుబాటు మూమెంటు పూర్తిగా సున్నా.

ఇంత శుభ్రంగా సున్నా వచ్చిందంటే వెనక ఏదో సూటి కారణం ఉండాలి. లెక్కలో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. కాలువ వైపు 12 మిల్లీమీటర్లు దిగడాన్ని రెండు కదలికలుగా విడదీయవచ్చు. మొదటిది: కాలువ వైపు 6 దిగి, రోడ్డు వైపు 6 లేచి, నడుమ కదలకుండా ఉండటం. రెండవది: రెండు బయటి వైపులూ 6 చొప్పున దిగటం. కూడితే కాలువ వైపు 12, రోడ్డు వైపు సున్నా. మొదటి కదలికలో బీము ఎక్కడా వంగదు. బీమూ స్తంభాలూ అన్నీ కలిసి, పడవ ఒక పక్కకు ఒరిగినట్టు ఒరుగుతాయి. పాదాలు హింజ్‌లు, పక్కకు జరగడానికి అడ్డు లేదు. కాబట్టి ఈ సగానికి ఎక్కడా మూమెంటు లేదు. మిగిలిన రెండో సగం నడిమి గీతకు అటూ ఇటూ సమానం. అందులో నడిమి జాయింటు తిరగదు, స్వే లేదు, బరువు లెక్కకు వాడిన ఒక్క విడత పంపకమే చాలు: 140లో సగం 70; దానిలో 0.37 వంతు, 25.6, స్తంభానికి, బీముకు పోయే 44.4లో సగం తగ్గి నడిమి చివరకు 70 − 22.2 = 47.8.

పట్టికలోని విడతలన్నీ, స్వే కరెక్షనూ కలిపి తేల్చింది ఈ రెండు గీతల్లోనే ఉంది. మేస్త్రి చూసిన సమానమైన పగుళ్లకు జవాబూ ఇదే. ఒక చివర కుంగినా ఈ ఫ్రేముకు తెలిసేది, నడిమి స్తంభం మిగతా రెండిటికంటే 6 మిల్లీమీటర్లు ఎత్తులో ఉందన్నదే. కుంగని రోడ్డు వైపు స్పాన్ కూడా అంతే బాధ పడుతుంది. అమెరికన్ ఇంజనీరు జార్జ్ మేని 1915లో ప్రతిపాదించిన స్లోప్ డిఫ్లెక్షన్ సమీకరణాలతో దీన్ని మళ్లీ సరిచూశాము, మూడు భ్రమణాలూ ఒక స్వే పెట్టి. అవే అంకెలు వచ్చాయి. గాస్పర్ కాని (Kani) మెథడ్‌లో చేసినా ఇదే రావాలి. కానీ సగాలుగా విడదీసిన దారి చూపించినంత సూటిగా అవేవీ కారణాన్ని చూపించవు.

ఈ విడదీత ఒక భౌతిక ఫలితాన్ని కూడా ముందుగా చెబుతుంది. మొదటి సగం వల్ల కప్పు కాలువ వైపుకు 6/6000 వాలుతో ఒరగాలి, అంటే 4 మీటర్ల ఎత్తున 4 మిల్లీమీటర్లు. గోదాము మధ్యలోని ఫ్రేముల మూడు స్తంభాలకూ తూకం గుండు వేసి చూశాము. అన్నీ కాలువ వైపే, 3 నుంచి 5 మిల్లీమీటర్ల వరకు వాలి ఉన్నాయి. కట్టినప్పుడే కొంత వాలు ఉండి ఉండవచ్చు కనుక దీన్ని ఒంటరి రుజువుగా తీసుకోలేదు. కానీ అన్ని స్తంభాలూ ఒకే వైపు, ఒకే మోతాదులో వాలడం లెక్కకు గట్టి బలం ఇచ్చింది.

నిజంగా ఎంత మూమెంటు ఉంది

47.8 అన్నది కుంగుబాటు ఒక్క క్షణంలో జరిగితే వచ్చే విలువ. ఇక్కడి మట్టి అలా కుంగలేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు పక్కన ఊటనీరు దిగిపోతుంది, నల్లమట్టి ఎండి కుదించుకుంటుంది. నీళ్లు వదిలాక మళ్లీ ఉబ్బుతుంది, అయితే పోయిన మట్టం పూర్తిగా తిరిగి రాదు. కప్పు నీళ్లు దిగే గొట్టాలు కూడా కాలువ వైపు పునాదుల పక్కనే పడుతున్నాయి. అందువల్ల ఒకే పునాది కింద తడి, ఎండ మారి మారి నడుస్తున్నాయి. అటువంటి నెమ్మది కుంగుబాటులో కాంక్రీటు క్రీప్ (భారం కింద నెమ్మదిగా సాగడం) వల్ల మూమెంటులో చాలా భాగం సడలిపోతుంది. ఐఎస్ 456 క్రీప్ గుణకాన్ని, భారం పడేనాటికి కాంక్రీటు వయసును బట్టి 7 రోజులకు 2.2, 28 రోజులకు 1.6, ఏడాదికి 1.1గా ఇస్తుంది. ఇక్కడి కాంక్రీటు చాలా పాతది కాబట్టి 1.1 తీసుకుని, E విలువను 2.1 (1 + 1.1)తో భాగించాము. కుంగుబాటు మూమెంటు నడుమ 22.8, బయట 12.2 అయింది. బీము నడిమి భాగం బరువుకే పగిలి ఉన్నందున (పగిలే మూమెంటు లెక్కకు 39, ఉన్నది 94.8) నిజం ఇంకా కొంత తక్కువే ఉంటుంది. భద్రత కోసం ఆ తగ్గింపు తీసుకోలేదు.

పాదాలు ఫిక్స్‌డ్ అయితే ఏమవుతుందన్నది ఇక్కడ తేల్చాము. నడుమ 22.8 బదులు 23.9. ఒరిగే సగం కూడా అప్పుడు మూమెంటు పుట్టిస్తుంది, కానీ స్తంభాల్లో అది 4.8కు మించదు. అంటే పాదం బిగువు గురించి ఎంత వాదించుకున్నా నడిమి అంకె పెద్దగా మారదు. ఏది తేలకపోయినా ఫరవాలేదో తెలియడం కూడా చేతిలెక్క ఇచ్చే లాభమే. మట్టి పరీక్షలకు పెట్టదలచిన ఖర్చులో కొంత దీనివల్ల మిగిలింది.

నడిమి జాయింటు దగ్గర మొత్తం 94.8 + 22.8 = 117.6. నడిమి స్తంభం భారం 166.8 నుంచి 178.5కు పెరిగింది, బయటివి రెండూ 5.8 చొప్పున తేలికపడ్డాయి. ఒకచోట కవరు చెక్కి చూసి, మిగతా చోట్ల రీబార్ లొకేటరుతో సరిచూస్తే, నడుమ పైన 20 మిల్లీమీటర్ల కడ్డీలు నాలుగు, ఎఫ్ఈ 415 రకం ఉక్కు. ఎఫెక్టివ్ డెప్త్ (నొక్కుడు అంచు నుంచి కడ్డీల మధ్య వరకు లోతు) 450తో సెక్షన్ తాళగల మూమెంటు 164. భద్రతా గుణకం 1.5తో, బరువుకు మాత్రమే కావలసినది 1.5 × 94.8 = 142, చాలు. కుంగుబాటు కలిపితే 176, దాదాపు 7 శాతం లోటు. న్యూట్రల్ యాక్సిస్ (లాగుడూ నొక్కుడూ లేని గీత) లోతు 210 మిల్లీమీటర్లు, ఎఫెక్టివ్ డెప్త్‌లో 0.467 వంతు. ఐఎస్ 456 ప్రకారం ఈ సెక్షన్‌లో 13 శాతం వరకు మూమెంటును వేరే చోటికి మళ్లించే రీడిస్ట్రిబ్యూషన్‌కు అనుమతి ఉంది. 7 శాతాన్ని స్పాన్ మధ్యకు మళ్లిస్తే అక్కడ 70 దాటదు. అడుగున 16 మిల్లీమీటర్ల మూడు కడ్డీలతో అక్కడి బలం 90కి పైనే. ఫ్రేము ఇప్పటి బరువుకు నిలబడుతుంది, కానీ దాని చేతిలో మిగులు లేదు.

ఏం చేశాము

నడిమి పునాదులను తవ్వవద్దని రాతపూర్వకంగా చెప్పాము. బరువంతా ఉన్న స్తంభం పాదం దగ్గర, కారణం లేకుండా మట్టి కదపడం ఈ పరిస్థితిలో అత్యంత ప్రమాదకరమైన పని. కప్పు మీద ఇంకో అంతస్తు వేయాలని యజమానికి కోరిక ఉంది. ఈ ఫ్రేము మీద అది కుదరదని ఈ లెక్కతోనే చూపించాము. ఆయన నిరాశపడ్డా, కాగితం మీద 94.8, 22.8, 164 మూడు అంకెలూ పక్కపక్కన చూశాక మళ్లీ అడగలేదు. కోతల సమయంలో ధాన్యం బస్తాలు పైన పెట్టే అలవాటునూ మాన్పించాము.

కాలువ వైపు గోడ వెంట వాలు ఉన్న కాంక్రీటు ఏప్రన్ పోయించి, కప్పు గొట్టాలను రోడ్డు వైపు మురుగుకు మళ్లించాము. పగుళ్లకు గ్రూవు కోసి పాలీసల్ఫైడ్ సీలెంటు నింపాము. గ్రౌటుతో బిగించకపోవడానికి కారణం, కాలువ కట్టినప్పుడల్లా అవి మళ్లీ కొంత కదులుతాయన్నదే. పగుళ్ల మీద, కదిలితే విరిగి తెలిపే గాజు టెల్‌టేల్స్ అతికించి, కాలువ కట్టే ముందు ఒకసారి, నీళ్లు వదిలాక ఒకసారి మట్టాలు తీయాలని నిర్ణయించాము.

ఆ కొలతలను చదవడానికి మిల్లు గుమాస్తా గారికి ఒక చిన్న నియమం రాసి ఇచ్చాము. కాలువ వరుస అదనంగా దిగే ప్రతి మిల్లీమీటరుకూ నడిమి జాయింటు మీద 1.9 కిలోన్యూటన్ మీటర్లు పెరుగుతుంది, కప్పు మూడో వంతు మిల్లీమీటరు కాలువ వైపు ఒరుగుతుంది. రీడిస్ట్రిబ్యూషన్ పూర్తిగా వాడుకున్నా సెక్షన్ తట్టుకోగల మామూలు మూమెంటు 126. దాని ప్రకారం మొత్తం కుంగుబాటు 16 మిల్లీమీటర్ల దగ్గర హద్దు చేరుతుంది. కాబట్టి ఇప్పటి మట్టం నుంచి ఇంకో 4 మిల్లీమీటర్లు దిగితే ఆగకుండా కబురు చేయాలి. అప్పుడు కాలువ వరుస పునాదులకు, ఆ ఒక్క వరుసకే, అడుగున కొత్త ఆసరా ఇచ్చే అండర్‌పిన్నింగ్ చేయాలి.